పంట లేని చేనుకు పురుగెక్కడిది?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిల లెక్కలు విన్నాం. ఇక మేము మాట్లాడబోయేది రొమ్ము క్యాన్సర్ గురించి. ఈ మాట మైకులో వినగానే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు ఉంటారని మాకు తెలుసు. ఫర్వాలేదు. మేము ముగ్గురం కూర్చుని ఈ కాగితం రాసేటప్పుడు కూడా ముందు ‘ఛాతీ’ అని రాశాం. ఛాతీ అంటే ఊపిరితిత్తులనుకుంటారని కొట్టేశాం. అందుకని ఈ పావుగంట సేపూ రొమ్ము అనే అంటాం. ఇక్కడ మగవాళ్ళు ఉన్నది షామియానా వేసిన అబ్బాయిలిద్దరే, వాళ్ళకూ తల్లులున్నారు.

నిరుడు కార్తీకంలో సబ్ సెంటర్ దగ్గర ఏఎన్ఎం అమ్మ, ఆశా కార్యకర్తలు కలిసి పరీక్షల శిబిరం పెట్టారు. బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం అన్నీ చూశారు. మన గ్రామ సంఘాలన్నీ చాటింపు వేశాయి. కోడళ్ళు వచ్చారు, కూతుళ్ళు వచ్చారు. యాభై దాటినవాళ్ళను మాత్రం చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రాలేదని కాదు, వచ్చారు. వచ్చి బయట వేపచెట్టు కింద మనవళ్ళను ఎత్తుకుని నిలబడ్డారు. “మీరు కూడా రండి అత్తా” అంటే “మాకెందుకమ్మా, మా పని అయిపోయింది” అన్నారు.

అలా నిలబడ్డవాళ్ళలో ఒకరు మా సంఘంలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. పేరు చెప్పం. ఆవిడ ఒప్పుకున్నాకే ఈ సంగతి చెబుతున్నాం. సంక్రాంతి తలంటు నాడు ఆవిడకు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. చింతగింజంత ఉందట. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకున్నారు. తర్వాత ఒక డాక్టరుకు చూపిస్తే, చెయ్యి కూడా వెయ్యకుండా, వయసు మీద పడింది కదా కొవ్వు గడ్డే అని పూతమందు రాసిచ్చారు. పక్కింటావిడ మరో మాట చెప్పింది, సూది గుచ్చి పరీక్ష చేస్తే గడ్డ ఒళ్ళంతా పాకుతుందని. ఇంక పెద్దమ్మ నోరు విప్పలేదు. శ్రావణ శుక్రవారం పేరంటంలో పసుపు రాస్తుంటే జాకెట్టు పక్కన ఉబ్బు కనిపించి మాలో ఒకామె నిలదీసింది. అప్పటికి చర్మం లోపలికి లాక్కుపోయి ఉంది. చంకలో కూడా గడ్డలు తగిలాయి.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు కూడా పెట్టారు. ఇప్పుడు తిరుగుతున్నారు, జుట్టు మళ్ళీ వచ్చింది. ఎడమ చెయ్యి వాచి నీళ్ళ బిందె ఎత్తలేకపోతున్నారు. సంక్రాంతికే వెళ్ళి ఉంటే ఇంత పెద్ద ఆపరేషన్ అక్కర్లేకపోయేదేమో అని ఆసుపత్రిలో అన్నారట.

మేము ఆవిడను అడిగాం, అన్ని నెలలు ఎందుకు ఊరుకున్నావు పెద్దమ్మా అని. ఆవిడ చెప్పిన జవాబు మమ్మల్ని ఈ కాగితం రాయించింది. “ముట్లు ఆగి పదేళ్ళయింది. నా పాలు తాగిన పిల్లలకే పిల్లలు పుట్టారు. పంట లేని చేనుకు పురుగెక్కడిది అనుకున్నానమ్మా.”

మాకూ అలాగే అనిపించేది. మా ముగ్గురిలో ఇద్దరం యాభై దాటినవాళ్ళమే. కాబట్టి ఇది నిజమా కాదా తెలుసుకుందామనుకున్నాం. మన సభ్యురాలి కూతురు ఒకమ్మాయి హైదరాబాదులో బయోటెక్నాలజీ చదువుతోంది. రెండు ఆదివారాలు మాతో కూర్చుని, కాగితం మీద బొమ్మలు గీసి చెప్పింది. మేము అడ్డప్రశ్నలు వేసి విసిగించాం. ఆ పిల్ల చెప్పినదాంట్లో మాకు అర్థమైనంత మీ ముందు పెడుతున్నాం.

ఒళ్ళంతా కణాలతో తయారైందని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. కణాల మధ్య ఏముంటుందో అందులో అంతగా చెప్పరు. ఖాళీ ఉండదు. అక్కడ ఒక పదార్థం ఉంటుంది, దాన్ని ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్ అంటారు. మాకు నోరు తిరగలేదు, ‘అల్లిక’ అని పేరు పెట్టుకున్నాం. నులక మంచం గుర్తు తెచ్చుకోండి. కొలాజెన్ అనే మాంసకృత్తుతో తయారైన పీచులు తాళ్ళలాగా అటూ ఇటూ అల్లుకుని ఉంటాయి. వాటి మధ్య నీళ్ళు పట్టి ఉంచే జిగురు ఉంటుంది. కణాలు ఆ మంచాన్ని పట్టుకుని బతుకుతాయి. ఈ నులక పేనేవి కూడా కణాలే, వాటికి ఫైబ్రోబ్లాస్టులు అని పేరు. పాత తాళ్ళు తీసేసి కొత్తవి వేస్తూ ఉండడం వాటి పని.

రొమ్ములో పాలు తయారయ్యే చిన్న చిన్న గ్రంథులు, ఆ పాలను మొనదాకా తెచ్చే సన్నని గొట్టాలు ఉంటాయి. క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది ఈ గొట్టాల, గ్రంథుల లోపలి వరుసలో ఉన్న కణాల్లోనే. ఆ వరుస చుట్టూ కంచెలాగా పల్చటి పొర ఒకటి ఉంటుంది. కంచెకు బయట అల్లిక, కొవ్వు. చెడ్డ కణాలు కంచె లోపలే ఉన్నంత కాలం తీసేయడం తేలిక. కంచె దాటి అల్లికలోకి, అక్కడి నుంచి చంక గ్రంథుల్లోకి, రక్తంలోకి పోతేనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడే పెద్దమ్మ చెప్పిన చేను మాట పనికొచ్చింది. 1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది ఆడవాళ్ళ శవపరీక్షల రికార్డులు తిరగేశాడు. క్యాన్సర్ ఎక్కడ పడితే అక్కడికి పాకడం లేదు, కాలేయం లాంటి కొన్ని చోట్లకే ఎక్కువ పోతోంది. విత్తనం నాలుగు దిక్కులా పడుతుంది గాని దానికి నప్పిన నేలలోనే మొలుస్తుంది అని ఆయన రాశాడు. డాక్టర్లు అందరూ విత్తనాన్నే చూస్తున్నారు, నేలను కూడా చూడాలన్నది ఆయన మాట. ఆ మాటను చాలా ఏళ్ళు పెద్దగా పట్టించుకోలేదు.

నేల సంగతి మళ్ళీ గట్టిగా ఎత్తినవాళ్ళలో ఒక ఆడమనిషి ఉంది, మీనా బిసెల్. ఇరాన్‌లో పుట్టి అమెరికా వెళ్ళి బర్క్లీలో ల్యాబ్ నడిపింది. ఆమె చేసిన పని ఒకటి కోళ్ళు పెంచేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. కోళ్ళకు కంతి తెప్పించే వైరస్ ఒకటి ఉంది. 1911లో న్యూయార్క్‌లో పేటన్ రౌస్ కనిపెట్టాడు, దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ వైరస్ కోడిపిల్లకు ఎక్కిస్తే కంతి లేస్తుంది. బిసెల్ ల్యాబులో అదే వైరస్‌ను గుడ్డులో ఉన్న పిండానికి ఎక్కించారు. కంతి రాలేదు. వైరస్ కణాల్లోకి పోయింది, తన పని మొదలుపెట్టింది కూడా. అయినా పిండం పిండంలాగానే పెరిగింది. 1984లో వచ్చిన సంగతి ఇది. చెడ్డ విత్తనం ఒక్కటే సరిపోదు, చుట్టూ ఉన్నది ఒప్పుకోవాలి అని తేలింది.

1997లో ఆమె ల్యాబు వాళ్ళే ఇంకొకటి చూపించారు. మనిషి రొమ్ములోని క్యాన్సర్ కణాలను అల్లిక లాంటి జిగురులో పెంచారు. కణానికి అల్లికను పట్టుకునే కొక్కేలు ఉంటాయి, ఇంటిగ్రిన్లు అంటారు. ఆ కొక్కేల్లో ఒక రకాన్ని మూసేస్తే, చిందరవందరగా పెరుగుతున్న క్యాన్సర్ కణాలు మామూలు గ్రంథిలాగా గుండ్రంగా, వరుసగా సర్దుకుని పెరగడం ఆపేశాయి. వాటి లోపలి జన్యువుల్లో తప్పులు అలాగే ఉన్నాయి. నడవడి మాత్రం మారింది.

ఇప్పుడు వయసు సంగతికి వద్దాం. మన ముఖం మీద చర్మం ముడతలు పడినట్టే లోపలి అల్లిక కూడా ముసలిదవుతుంది. కొలాజెన్ పీచులు తొందరగా మారవు, ఏళ్ళ తరబడి అవే ఉంటాయి. రక్తంలో ఉన్న చక్కెర కొంచెం కొంచెంగా వాటికి అంటుకుని, పక్కపక్క పీచుల్ని కలిపేస్తుంది. బెల్లం పాకం గరిటెకు పట్టి ఆరిపోతే ఎలా బిగుసుకుంటుందో అలా. షుగర్ జబ్బు ఉన్నవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. ఇంకోటి, పీచులకు ముడులు వేసే ఎంజైము ఒకటి మన ఒంట్లోనే ఉంది. లైసిల్ ఆక్సిడేస్ దాని పేరు, చిన్నగా లాక్స్ అంటారు. అది చెడ్డదేం కాదు. అది లేకపోతే చర్మానికి, రక్తనాళాలకు గట్టిదనమే ఉండదు. ముడులు మరీ ఎక్కువైతేనే చిక్కు. నులక పాతబడి, వానకు తడిసి, ఎండకు ఎండి, ముడులు పడి చెక్కలా తయారైనట్టు అవుతుంది.

గట్టిబడితే కణానికేం? మాకూ ఇదే అనుమానం వచ్చింది. ఆ పిల్ల మమ్మల్నే తిరిగి అడిగింది, దమ్ము చేసిన మడిలో మీరు ఎలా నడుస్తారు, గట్టు మీద ఎలా నడుస్తారు అని. మడిలో అడుగు దిగబడుతుంది, మెల్లగా పోతాం. గట్టు మీద పరుగెత్తొచ్చు. కణం కూడా కొక్కేలతో అల్లికను లాగి చూస్తుందట. మెత్తగా ఉంటే నిదానంగా ఉంటుంది. గట్టిగా ఉంటే లోపలికి ‘పెరుగు, కదులు’ అనే కబురు ఎక్కువగా పోతుంది. అమెరికాలో వేలరీ వీవర్ అనే శాస్త్రవేత్త బృందం 2009లో ఎలుకల్లో చూపించింది. లాక్స్ వేసే ముడులను అడ్డుకుంటే రొమ్ము కంతులు ఆలస్యంగా, తక్కువగా వచ్చాయి. విస్కాన్సిన్‌లో పట్రీషియా కీలీ బృందం ఇంకొకటి గమనించింది. కంతి చుట్టూ పీచులు కొన్నిచోట్ల తిన్నగా బయటికి చాపుకుని ఉంటాయి, చెడ్డ కణాలు ఆ పీచుల వెంబడే బయటికి నడుస్తాయి. మనం చేసిన కాలిబాట మీదే దొంగ వచ్చినట్టు.

అల్లిక ఒక్కటే కాదు, దాన్ని పేనే ఫైబ్రోబ్లాస్టులు కూడా ముసలివవుతాయి. ముసలిదైన కణం ఇంక విభజన చెందదు గానీ చావదు. కూర్చున్నచోటే కూర్చుని, వాపు పుట్టించే రసాయనాలు వదులుతూ ఉంటుంది. మా ఇళ్ళలో కొందరు అత్తగార్లు గుర్తొచ్చారని ఒకామె అంది. ఆ అనేవాళ్ళూ ఇప్పుడు అత్తగార్లే అనుకోండి. 2001లో జూడిత్ కాంపీసి అనే ఆమె బృందం, చెడిపోవడం మొదలైన రొమ్ము కణాల పక్కన ఇలాంటి ముసలి ఫైబ్రోబ్లాస్టులను పెడితే అవి ఎక్కువగా పెరిగాయనీ, ఎలుకల్లో కంతులు కట్టాయనీ చూపించింది. పడుచు ఫైబ్రోబ్లాస్టులు పక్కనున్నప్పుడు అలా జరగలేదు.

వీటన్నిటికంటే మమ్మల్ని కదిలించింది 2021లో వచ్చిన పని. అమెరికాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పినార్ జోర్లుతునా బృందం చేసింది. పడుచు ఎలుకల, ముసలి ఎలుకల రొమ్ము కణజాలం తీసుకుని, మరక వదలగొట్టినట్టు కడిగి కణాలన్నీ తీసేశారు. చివరికి ఒట్టి అల్లిక మిగిలింది. మనుషులు ఖాళీ చేసిన ఇల్లులాగా. ఇప్పుడు ఆ రెండు అల్లికల మీద మనిషి రొమ్ములోని మామూలు కణాలను వేసి పెంచారు. గమనించండి, అవి మంచి కణాలు, రెండుచోట్లా ఒకే రకం. పడుచు అల్లిక మీద వేసినవి బుద్ధిగా ఉన్నాయి. ముసలి అల్లిక మీద వేసినవి మారిపోయాయి. కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి ఇ-క్యాడ్‌హెరిన్ అనే పట్టు ఉంటుంది, అది సడలింది. వాయిదా కట్టని సభ్యురాలు సంఘానికి ముఖం చాటేసినట్టు ఒక్కో కణం విడిపోయి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. వాపు రసాయనాలు ఎక్కువయ్యాయి. క్యాన్సర్‌లో పనిచేసే జన్యువులు మేలుకున్నాయి. అప్పటికే క్యాన్సర్ అయిన కణాలను వేస్తే అవి ఇంకా దూకుడుగా కదిలాయి. తర్వాత ఆ మంచి కణాల్లో లాక్స్‌ను తగ్గించి చూశారు. మళ్ళీ పడుచు అల్లిక మీద ఉన్నట్టే సర్దుకున్నాయి.

పెద్దమ్మకు ఇది చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, “అంటే చేను బీడు పడితే పంట రాదు గానీ కలుపు ఆగదన్నమాట.” ఇంత పొడుగు కాగితం రాసిన మాకు ఆ మాట తట్టలేదు.

అయితే కొన్ని సంగతులు తొందరపడి చెప్పుకోకూడదు. ఇవి ల్యాబుల్లో, ఎలుకల్లో చూసినవి. వయసొచ్చిన ప్రతి ఆడదానికీ క్యాన్సర్ వస్తుందని వీటి అర్థం కాదు, మనలో చాలామందికి ఎప్పటికీ రాదు. కణం లోపల జన్యువులు చెడడం, హార్మోన్లు, ఇంట్లో తల్లికో అక్కకో ఉండడం, ముట్లు ఆగాక బాగా ఒళ్ళు రావడం, మందు తాగడం, ఇవన్నీ కారణాలే. అల్లిక వాటిలో ఒకటి. అలాగే వయసుతో రొమ్ము మొత్తం మీద మెత్తబడుతుంది, గ్రంథులు ముడుచుకుపోయి కొవ్వు చేరుతుంది. మరి గట్టిబడుతుందంటారేంటి అని మీరు అడగొచ్చు, మేమూ అడిగాం. మిగిలిన పీచులు కణాల స్థాయిలో బిగుసుకోవడం గురించి చెబుతున్నారు, అది చేతికి తెలిసేది కాదు. పడుచువాళ్ళలో కూడా గ్రంథులు, పీచులు దట్టంగా ఉన్న రొమ్ములకు ప్రమాదం కొంత ఎక్కువ. దాన్ని మామోగ్రామ్ ఫిల్ములో తెల్లగా చూస్తారు. అంటే నేల ముచ్చట ముసలివాళ్ళకొక్కరికే కాదు. మన దేశంలో ఈ జబ్బు తెల్లవాళ్ళ దేశాలకంటే సుమారు పదేళ్ళు ముందే, నలభైల్లోనే చాలామందికి కనిపిస్తోంది. కాబట్టి కోడళ్ళు నవ్వుకోనక్కర్లేదు.

మందు వచ్చిందా అని కూడా అడిగాం. ముసలి అల్లికను పడుచుగా చేసే మందు ఇంకా లేదు. లాక్స్ కుటుంబానికే చెందిన మరో ఎంజైమును ఆపే మందును పాంక్రియాస్ క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు, ఉపయోగం కనబడలేదు. టీవీలో, వాట్సాప్‌లో కొలాజెన్ పొడి డబ్బాలు అమ్ముతున్నారు. అది తాగితే కడుపులో పప్పులాగా అరిగిపోతుంది, రొమ్ములోకి పోయి నులక బిగించదు, విప్పదు. దానికోసం అంతర్గత అప్పు అడిగితే మాత్రం మేము సంతకం పెట్టం.

ఇంతకీ మాకు ఉపయోగపడింది వేరే సంగతి. పెద్దమ్మకు చింతగింజలా గట్టిగా తగిలిందే, అదేమిటి? క్యాన్సర్ కణాలు వాటంతట అవి అంత గట్టివి కావు. కంతి తన చుట్టూ పేర్పించుకున్న అల్లిక, కొలాజెన్ పీచులు, ముడులు, వాటివల్లే అది చేతికి రాయిలా తగులుతుంది. చర్మం లోపలికి లాక్కుపోవడం కూడా అంతే. రొమ్మును నిలబెట్టే పీచులు కొన్ని చర్మానికి అతుక్కుని ఉంటాయి, కంతి వాటిని పట్టి లాగుతుంది. ఆ పీచులకు కూపర్ అనే ఇంగ్లీషు డాక్టరు పేరు ఉంది. పెద్దమ్మ అల్లికే ఆవిడకు కబురు పంపింది. మనం వినలేదు.

చేతికి తగులుతుంది కాబట్టి చేతితో పట్టుకోవచ్చా? దీనికి జవాబు మన దేశంలోనే ఉంది, మన లాంటివాళ్ళ మీదే చూశారు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు నడిపారు. మురికివాడల్లో ఉండే 35 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు లక్షన్నర మందికి పైగా అందులో ఉన్నారు. సగం మందికి, శిక్షణ పొందిన ఆడ ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. డాక్టర్లు కాదు, పెద్ద మిషన్లు లేవు. మిగతా సగానికి ఈ జబ్బు గురించి చెప్పి వదిలేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. పరీక్ష చేసినవాళ్ళలో జబ్బు ముందు దశలోనే దొరికింది. 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువాళ్ళలో చావుల్లో అంత తేడా రాలేదు.

ఇది రెండుసార్లు చదువుకున్నాం. చేతి పరీక్ష ఎవరి ప్రాణం ఎక్కువగా కాపాడిందో, మన శిబిరంలో వాళ్ళే వేపచెట్టు కింద నిలబడ్డారు.

2022లో మన దేశంలో సుమారు 1 లక్షా 92 వేల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ విభాగం అంచనా వేసింది. ఆలస్యంగా వెళ్ళడమే ఇంతమంది పోవడానికి ఒక పెద్ద కారణం.

మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఈ ఏడాదంతా సంఘ సమావేశాల్లో విన్నాం కాబట్టి, కొన్నిటికి ఇక్కడే జవాబు చెబుతాం. నలుగురు పిల్లలకు పాలిచ్చాను నాకు రాదు అంటారు. పాలివ్వడం వల్ల ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. నొప్పి లేదు కదా అంటారు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. సూది గుచ్చితే పాకుతుంది అంటారు. సూది పరీక్ష చేయకుండా అది ఏ గడ్డో, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. పెద్దమ్మకు పాకింది ఆగిన ఏడు నెలల్లో. తగిలిన ప్రతి గడ్డా క్యాన్సర్ కూడా కాదు, చాలావరకు కావు. అది తేల్చాల్సింది పరీక్ష, పక్కింటావిడ కాదు, మేమూ కాదు.

గడ్డ ఒక్కటే చూడాలనుకోకండి. చర్మం ఒకచోట సొట్ట పడినా, బత్తాయి తొక్కలా గరుకుగా మారినా, మొన లోపలికి పోయినా, మొన నుంచి రక్తం లాంటిది కారినా, మొన మీద పుండు మానకపోయినా, చంకలో గడ్డ తగిలినా, ఏ వయసైనా సరే, ఏఎన్ఎం అమ్మకు చూపించండి. నాకు చెయ్యి వెయ్యకుండానే ఏమీ లేదన్నారంటే ఊరుకోకండి, ఇంకోచోటికి వెళ్దాం, మాలో ఒకరం తోడొస్తాం. ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళకు ఐదేళ్ళకోసారి ఈ చేతి పరీక్ష ఉంది. 65 దాటినవాళ్ళకు ఏ తేడా కనిపించినా ఆలస్యం చేయొద్దు.

ఒక సంగతి మొహమాటం లేకుండా చెబుతాం. పెద్దమ్మ నోరు విప్పకపోవడానికి ఇంకో కారణం ఉందని తర్వాత తెలిసింది. జబ్బు సంగతి తెలిస్తే, ఆవిడ వాయిదా కట్టలేదని లోను జాబితాలోంచి పేరు తీసేస్తారేమో అని భయపడ్డారు. అంతకుముందు ఒక సంఘంలో అలా జరిగింది, మనందరికీ తెలుసు. ఆ తప్పు మనదే. మందులకు, రానుపోను ఖర్చులకు సభ్యురాలు ముందు వడ్డీవ్యాపారి దగ్గరికి పోయి, తర్వాత మన దగ్గరికి రావడం ఎందుకు జరుగుతోందో పదాధికారులు ఆలోచించాలి. జబ్బు చేసిన సభ్యురాలి వాయిదాలు ఆరు నెలలు వెనక్కి జరపాలని, ఆ కారణంతో ఎవరి పేరూ తీసేయకూడదని ఉపసంఘం తీర్మానం రాసి తెచ్చింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత చేతులెత్తమని అడుగుతాం.

వచ్చే నెల మొదటి మంగళవారం నుంచి నాలుగు వారాలు, రోజుకు రెండు గ్రామ సంఘాల చొప్పున, సబ్ సెంటర్‌లో పరీక్షలు ఉంటాయి. ఏఎన్ఎం అమ్మ ఒప్పుకున్నారు. తలుపు వేసి, తెర కట్టి, ఒక్కొక్కరినే చూస్తారు. మగవాళ్ళెవరూ లోపల ఉండరు. యాభై దాటినవాళ్ళను ముందు పిలుస్తారు, కోడళ్ళు తర్వాత. మనవళ్ళను ఎత్తుకోవడానికి ఈసారి కోడళ్ళు వేపచెట్టు కింద ఉంటారు. ఆటో ఖర్చు గ్రామ సంఘం ఆరోగ్య నిధి నుంచి. ఎవరిదైనా తేడాగా ఉందంటే పెద్దాసుపత్రికి మాలో ఒకరం వెంట వస్తాం. ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు ఇప్పుడే వెతికి పెట్టుకోండి, అవసరమైనప్పుడు దొరకవు.

పేర్లు రాసుకునే పుస్తకం భోజనాల బల్ల పక్కన ఉంది. మొదటి పేజీలో మేము ముగ్గురం మా పేర్లు రాసుకున్నాం. పుస్తకం దగ్గర కూర్చునేది పెద్దమ్మే. కుడిచేత్తో రాస్తారు, అక్షరాలు కొంచెం పెద్దవి. మీ ఊరు, మీ వయసు సరిగ్గా చెప్పండి, తగ్గించి చెబితే ఆవిడ ఊరుకోరు.